మెరుగాయన పేరు

మామయ్య పోయి ఏడాది కావస్తున్నా ఆయన సమాధి రాయి ఇంకా రాళ్ళు చెక్కే ఆయన షెడ్డులోనే గోడకి ఆనించి ఉంది. బూడిదరంగు రాయి. నున్నగా చేసి పెట్టారు కానీ దాని మీద ఒక్క అక్షరం లేదు. మధ్యాహ్నం ఎండ పడి కాస్త వెచ్చబడగానే షెడ్డులో తిరిగే పిల్లి వచ్చి దానికి వీపు ఆనించి పడుకునేది. రాయీ సిద్ధమే, ఉలీ సిద్ధమే. రాయాల్సిన చెయ్యే సిద్ధంగా లేదు.

ఆ చెయ్యి మా అత్తయ్యది. అరబ్బీ అక్షరాలు రాయడం ఆవిడ వృత్తి. ప్రార్థనా మందిరాల గోడల మీదికి, పుస్తకాల మొదటి పేజీల్లోకి, కొత్త ఇళ్ళ గుమ్మాల మీదికి ఆవిడ రాసిన పంక్తులు వెళ్ళాయి. ఆవిడ రాసిన ప్రతి కాగితాన్నీ తయారు చేసింది మామయ్య. కోడిగుడ్డు తెల్లసొనలో పటిక ముక్క వేసి నీళ్ళయ్యేదాకా గిలక్కొట్టి, బట్టలో వడకట్టి, గంజి పట్టించిన కాగితం మీద స్పాంజితో పూసి, ఆరాక నున్నటి గులకరాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. ఆ తర్వాత దాన్ని ఏడాదిపాటు బీరువాలో నిద్రపుచ్చేవారు. తొందరపడి ముందే తీస్తే పూత పగిలి సిరా పెచ్చులుగా ఊడిపోతుంది. ఆయన పూత పూసిన వారమంతా ఇంట్లో మిగిలిన పచ్చసొనలతో ఏం వండాలా అన్నది నా తలనొప్పి. అందరూ ఆయన్ని మెరుగాయన అనేవాళ్ళు. అసలు పేరు ఇంట్లోవాళ్ళం కూడా వెతుక్కుని చెప్పాల్సి వచ్చేది.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. కాగితం అత్తయ్య చేతికిచ్చే ముందు, దాని మూలన ఆవిడ చేత ఒక్క చుక్క పెట్టించేవారు. పూత సరిగ్గా కుదిరితే చుక్క అంచులు కత్తితో కోసినట్టు నిలుస్తాయి. కుదరకపోతే సిరా వేర్లు పాకినట్టు పాకిపోతుంది. ఆయన కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా ఆవిడకి పట్టి, తను చూడకుండానే అడిగేవారు, “చుక్క నిలిచిందా?” అని. ఆవిడ “నిలిచింది” అనేవారు. ఆ రెండు మాటలయ్యాకే పని మొదలయ్యేది. పని పూర్తయ్యాక ఆ మూల కత్తిరించి పారేసేవాళ్ళు.

ఈ వృత్తిలో రాసినవాళ్ళు అడుగున చిన్నగా తమ పేరు రాసుకుంటారు. కాగితం చేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఒకసారి కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మామయ్యని అడిగాడు, మీ ఆవిడ అందరి పేర్లూ రాసింది కదా, మీ పేరు ఎందుకు రాయించుకోలేదు అని. “నా పేరుకి కాయితం ఆగదండీ, రాయే కావాలి. కాస్త ఆగితే మా ఆవిడే రాస్తుంది” అన్నారు మామయ్య. అందరం నవ్వాం. అత్తయ్య మాత్రం నవ్వకుండా ఆయన వైపు కలం విసిరారు.

ఆయన పోయినరోజు నీళ్ళు కాచే వేళకి అత్తయ్య బీరువాలోంచి ఒక పెద్ద రేకు డబ్బా తీసుకొచ్చారు. రెల్లు కలం చెక్కినప్పుడల్లా రాలిన పొట్టు అందులో ఉంది. రాసేవాళ్ళు ఆ పొట్టుని పారెయ్యరు. జీవితమంతా దాచి, తమ చివరి స్నానానికి నీళ్ళు ఆ పొట్టుతో కాచమంటారు. మామయ్య ఏళ్ళ తరబడి చీపురుతో ఊడ్చి, చాటలో ఎత్తి, అత్తయ్య కోసం దాచిన పొట్టు అది. ఆవిడ మొత్తం డబ్బా ఆయన స్నానపు నీళ్ళ పొయ్యిలోనే బోర్లించేశారు. “నాకు దాచావు, నువ్వే ముందు వాడుకో” అన్నారు. మర్నాడు అందరూ ఉండగా, రాయి మీద రాత తనదేనని, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని చెప్పారు.

ఆ తర్వాత నెలకే అత్తయ్య చేతికి వణుకు మొదలైంది.

ముందు గ్లాసు పట్టుకున్నప్పుడు కనిపించింది. తర్వాత కలం పట్టుకున్నప్పుడు. డాక్టరు అది వయసుతో వచ్చే వణుకేనని, ప్రాణానికి ఏం కాదని చెప్పి మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పగలంతా నిద్ర. నిద్రలో చెయ్యి ఎలాగూ వణకదు కాబట్టి వైద్యం ఫలించిందనే అనుకోవాలని ఆవిడే ఎగతాళి చేసి, మానేశారు. మామయ్య ఆఖరిసారి పూత పూసి బీరువాలో పెట్టిన కాగితాలు అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా పాత వార్తాపత్రికల మీద రోజూ పొద్దున్నే సాధన చేసేవారు. అలిఫ్ అంటే నిలువుగీత, మనిషి నిటారుగా నిలబడ్డట్టు ఉండాలి. ఆవిడ అలిఫ్ అంచులు రంపపు పళ్ళలా వచ్చేవి. చూసి, ఉండ చుట్టి, ఇంకోటి రాసేవారు. ఉండలు నేను ఎత్తేదాన్ని.

ఈలోగా రాళ్ళు చెక్కే ఆయన కబురు పెట్టాడు. షెడ్డు స్థలం వాళ్ళు ఖాళీ చెయ్యమన్నారట, నెలాఖరుకి సామాను ఎత్తేస్తాడట. ఆలోగా రాత ఇస్తే చెక్కుతాడు, లేకపోతే వట్టి రాయినే తీసుకెళ్ళి పాతుకోమన్నాడు. మా ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి, ఏ పనికైనా ఒక తేదీ ఉండాలంటాడు. కంప్యూటర్లో మంచి అరబ్బీ అక్షరాలున్నాయని, రెండు పంక్తులు అచ్చు తీసి ఇచ్చేద్దామని తల్లితో మెల్లగా చెప్పి చూశాడు. కావాలంటే ఆవిడ పాత రాతల్లోంచే అక్షరాలు ఏరి అతికిస్తానన్నాడు.

“ఏ అక్షరానికి ఆ రోజు ఊపిరి ఉంటుందిరా. నాలుగు రోజుల ఊపిర్లు తెచ్చి ఒక పేరుకి కుడతావా?” అన్నారు అత్తయ్య.

“మరి ఏం చేద్దామమ్మా? నాన్నని ఇంకెన్నాళ్ళు ఊరూపేరూ లేకుండా పడుకోబెడదాం?”

గడువుకి ముందు రోజుదాకా ఆగు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నారు అత్తయ్య. ఆ సాయంత్రం వార్తాపత్రికల కట్ట ఇంకొకటి తెప్పించారు.

నేను చూసిన సంగతి ఆ వారంలోనిదే. హాల్లో కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. పై అద్దం అందక స్టూలు కోసం వెళ్ళి వచ్చేసరికి, నాకంటే పొడుగైన అత్తయ్య తడిబట్ట పట్టుకుని తుడిచేస్తున్నారు. ఆ మూల నుంచి ఈ మూలకి చెయ్యి బారెడు చాచి, ఒక్క ఊపులో. అద్దం మీద తడిచార ఎక్కడా వంకర లేదు. గుమ్మంలోనే ఆగిపోయి చూశాను. చివర్న ఒక మరక దగ్గర వేలితో గోకడానికి మణికట్టు మడవగానే వణుకు వచ్చేసింది. మళ్ళీ భుజం నుంచి చాపగానే పోయింది. మర్నాడు కావాలనే దుప్పటి మడతపెట్టడానికి సాయం పిలిచాను. రెండు చేతులూ చాచి విదిలించారు, వణుకు లేదు. అంచులు వేళ్ళతో కలపబోతే ఉంది. వణుకు మణికట్టులో కాపురం ఉంది కానీ భుజందాకా వెళ్ళడం లేదు.

అప్పుడే నాకు వదిన గుర్తొచ్చింది.

వదిన మా ఆయన అక్క. ఆవిడా అక్షరాలే రాస్తుంది, కానీ తల్లిలా కాదు. గోడంత గుడ్డ నేల మీద పరిచి, చీపురంత కుంచెతో, ఒక్క మాటని నాలుగు దిక్కులా పరిగెత్తిస్తుంది. సిరా అయిపోతున్నా ఆపదు. ఎండిపోయిన చారలే బాగుంటాయంటుంది. ఆవిడ ప్రదర్శన ఒకదానికి అత్తయ్య వెళ్ళారు. అక్కడ ‘ఓర్పు’ అని అర్థమొచ్చే అరబ్బీ మాట గుడ్డంతా చీలిపోయి, చిమ్మిపోయి ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడి, “ఓర్పు అని రాసి ఓర్పు లేకుండా రాశావు” అన్నారు. చుట్టూ జనం విన్నారు. వదిన కూడా ఊరుకోలేదు. “నీ అక్షరాల్లో మనిషి ఏడమ్మా? ఎంత వెతికినా నువ్వు దొరకవు” అంది. “దొరక్కూడదు. రాసేటప్పుడు నేను అడ్డం లేకపోతేనే ఆ పైవాడు కనిపిస్తాడు. ఏడుపు నీది, తీసుకెళ్ళి అక్షరానికి పూయకు” అన్నారు అత్తయ్య. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మామయ్య పోయినప్పుడు కూడా ఒకే గదిలో కూర్చుని, అమ్మ తిందేమో అడుగు అని ఆవిడా, దానికి దుప్పటి ఇచ్చావా అని ఈవిడా, ఇద్దరూ నాతోనే మాట్లాడారు. నేను పోస్టాఫీసునైపోయాను.

పాత సైకిలు షాపు ఒకటి అద్దెకి తీసుకుని వదిన అందులో పని చేస్తుంది. వెళ్ళి చెప్పాను. అద్దం తుడిచిన చెయ్యి గురించి మొత్తం విని, ఏమీ అనకుండా మూలనున్న చెక్కపలక ఒకటి తీసింది. అరచెయ్యంత వెడల్పు. దాని అంచు ఏటవాలుగా కోసి, చీలికలు పెట్టి, వెనక ఒక పొడుగాటి కర్ర బిగించింది. నిలబడే రాయొచ్చు, చెయ్యి భుజం నుంచే కదలాలి.

“అమ్మ దీన్ని చూసి నన్ను ఇల్లు తుడవమంటావా అంటుంది, చూడు” అంది వదిన.

దాదాపు అదే అన్నారు. హాల్లో సోఫా బయట పడేసి, వదిన తెచ్చిన పెద్ద కాగితపు చుట్ట నేలంతా పరిచాం. అత్తయ్య గుమ్మంలో నిలబడి కర్రనీ, పలకనీ, కూతుర్నీ వరసగా చూసి, నా వైపు తిరిగి, “ఈ వయసులో నాకు చీపురు ఉద్యోగం ఇప్పించిందా మీ వదిన?” అన్నారు.

“అత్తయ్యా, అలిఫ్ ఎత్తు ఎంత?” అని అడిగాను.

“ఏడు చుక్కలు. కొత్తగా అడుగుతావేం?”

“చుక్క ఎంత?”

“కలం అంచు ఎంతో అంత.”

“అంచు అరచెయ్యంత ఉంటే చుక్క కూడా అరచెయ్యంతే కదా. అప్పుడైనా అలిఫ్ ఏడు చుక్కలేగా?”

పాతకాలం రాతలో లెక్క అంతా అదే. అక్షరం ఎంత పెద్దదైనా, చిన్నదైనా, కొలిచేది దాని సొంత చుక్కతోనే. ఆ మాట ఆవిడకి నేను చెప్పడమేమిటని నాకే సిగ్గేసింది. అంతలో రాళ్ళు చెక్కే ఆయన మాట కూడా గుర్తొచ్చి చెప్పాను. చిన్న రాతని రాయికి తగ్గట్టు పెంచితే అందులో తప్పులూ పెరుగుతాయి, పెద్దదాన్ని కుదిస్తే తప్పులు కూడా కుదించుకుపోతాయి అంటాడాయన.

అత్తయ్య వచ్చి పలక చేతిలోకి తీసుకున్నారు. అంచుని బొటనవేలితో తడిమారు.

“కోత తప్పు. ఈ వాలుకి లామ్ అక్షరం నడుం విరుగుతుంది. కత్తి ఇమ్మను” అన్నారు నాతో.

వదిన పక్కనే ఉంది. నేను పోస్టాఫీసు పని చెయ్యకుండా కాసేపు ఊరుకున్నాను. వదిన కత్తి తెచ్చి తల్లి చేతికిచ్చింది.

ఆ రోజు నుంచి మా హాలు మాది కాదు. రాయాల్సింది రెండు పంక్తులు. పైన, సమాధుల మీద రాసే మాట, ‘మిగిలేవాడు ఆ పైవాడే’ అని అర్థం వచ్చే రెండు అరబ్బీ మాటలు. కింద మామయ్య పేరు. దీపపు మసి, తుమ్మబంక కలిపి నూరిన సిరా చిన్న బుడ్డిలో కాదు, నా పెద్ద గిన్నెలో పట్టింది. ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికి రాలేదు. మొదట్లో అత్తయ్య నాలుగు అక్షరాలు రాసి గోడకి చేరబడేవారు. నడుం నొప్పి అనేవారు కాదు, సిరా చిక్కగా ఉంది అనేవారు. ఒకరోజు చీర అంచు తడి ‘వావ్’ అక్షరం మీదుగా వెళ్ళింది. మర్నాటి నుంచి ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపడం నా డ్యూటీ. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా వంటింట్లోకి వెళ్ళేవాడు. గడువు గురించి మళ్ళీ అడగలేదు. ఒకరోజు మాత్రం అలిఫ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన స్కేలు తీసి ఏడు చుక్కలూ కొలిచి చూసుకున్నాడు. సరిపోయాయి.

వణుకు పూర్తిగా పోలేదు. పొడుగు గీతల్లో పోయింది, తలకట్లు, కొక్కేల్లాంటి చిన్న మలుపుల్లో ఉండేది. వాటిని కూడా మణికట్టుతో కాక, ఒంటితో తిరిగి రాయడం ఆవిడ నేర్చుకున్నారు. అరవై దాటాక నడక మళ్ళీ నేర్చుకున్నట్టే. వదిన నేల మీద సుద్దతో పాదాల గుర్తులు గీసింది, ఈ అక్షరానికి ఇక్కడ నిలబడు, ఈ మలుపుకి ఎడమకాలు వెనక్కి అని. ఇద్దరూ ఇంకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు కానీ, పాదాల గుర్తు తప్పైతే అత్తయ్య కాలితో చెరిపి, సరైన చోట నిలబడేవారు. వదిన వంగి కొత్తది గీసేది.

రాత దారికొచ్చాక బీరువాలోంచి మామయ్య కాగితాలు తీయించారు. ఏడాది నిద్ర పూర్తయింది వాటికి. దంతం రంగులో మెరుస్తున్నాయి. కానీ ఒక్కొక్కటీ చిన్నది. అన్నీ అంచులు కలిపి అతికిస్తేనే మా హాలు రాత దాని మీద పడుతుంది. మిగిలేది ఒక్క ముక్క కూడా ఉండదు. అంటే రాసేది ఒక్కసారే.

“చుట్టకాయితం మీద రాసింది బాగానే ఉందిగా, అది ఇస్తే సరిపోదా?” అన్నాడు మా ఆయన.

“ఆయన పేరు ఇంకొకరి కాయితం మీద రాయను” అన్నారు అత్తయ్య. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

మైదా జిగురు కాచి కాగితాలు అతికించింది నేనే. మామయ్య దగ్గర కాస్త చూసిన విద్య. అతుకులు లేచి కనిపించకుండా ఆయన గులకరాయితోనే మెరుగు పెట్టాను. ఆయన రుద్దుతుంటే పాట పాడుకుంటున్నట్టు ఉండేది. నాకు మొదటి అతుకుకే రెక్కలు పడిపోయాయి. పరీక్ష చుక్క పెట్టడానికి ఒక మూలన్నా మిగులుతుందేమోనని చూశాను. మిగల్లేదు.

రాళ్ళు చెక్కే ఆయనకి మర్నాటితో గడువు. ఆ రోజు పొద్దున్నే ఆయనే వచ్చాడు, రాత ఆరగానే అక్కడికక్కడే పల్చటి కాగితం పరిచి నకలు తీసుకుపోతానని. గుమ్మం దగ్గర కుర్చీ వేస్తే కూర్చోనన్నాడు. అత్తయ్య చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుని నమాజు చేసుకుని వచ్చారు. నేను కుచ్చెళ్ళు దోపాను. ఆవిడ కర్ర పట్టుకుని మొదటి గుర్తు మీద నిలబడ్డారు. కళ్ళు మూసుకుని పైవాడి పేరు తలుచుకుని, పలకని సిరాలో ముంచి, గిన్నె అంచుకి ఒకసారి ఆనించి, దించారు.

పై పంక్తి ఒక్క తొట్రుపాటు లేకుండా వచ్చింది. మూడు నిలువుగీతలూ పక్కపక్కన నమాజులో నిలబడ్డవాళ్ళలా నిలబడ్డాయి. చివరి అక్షరపు తోక వెనక్కి తిరిగి పంక్తి మొత్తానికీ చాప పరిచినట్టు సాగింది. ఆవిడ ఊపిరి బిగబట్టి రాస్తున్నారని, గీత అయ్యాక భుజాలు దిగడం చూసి తెలుసుకున్నాను. నేను కూడా బిగబట్టానని ఆ తర్వాత తెలిసింది.

కింది పంక్తి, మామయ్య పేరు. ఆ పేరు చివర ‘నూన్’ వస్తుంది. లోతైన గిన్నెలాంటి అక్షరం, గిన్నె మీద మధ్యలో ఒక చుక్క. ముందున్న అక్షరాలు రాసి, నూన్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ సిరా ముంచుకోవాలి. సాధనలో ప్రతిసారీ అక్కడ ఆగి ముంచుకున్నారు. ఆ రోజు ఆగలేదు. గిన్నె వంపులోకి దిగిపోయారు. సగం దాకా నల్లగా వచ్చిన గీత అడుక్కి చేరేసరికి చారలు చారలైంది, పైకి లేచేసరికి ఎండుగడ్డి ఈడ్చినట్టు వెంట్రుకవాసి గీతలే మిగిలాయి. ఆవిడ చివరిదాకా లాగి, పలక ఎత్తి, అలాగే నిలబడిపోయారు.

అందరికంటే ముందు వదిన మాట్లాడింది. నాతో కాదు.

“అమ్మా, అది ముట్టుకోకు. నాన్న వెళ్ళిపోయింది అలాగే. ఆ గీతల్లో ఉన్నాడమ్మా. ఇన్నేళ్ళకి నీ అక్షరంలో నువ్వు దొరికావు.”

అత్తయ్య ఆ చారల్నే చూస్తున్నారు. కళ్ళు నిండాయి. రాళ్ళు చెక్కే ఆయన గొంతు సవరించుకుని, వెంట్రుకల్లాంటి గీతలు తన ఉలికి రావని, రాయి పెచ్చులు లేస్తుందని, ఏదైనా నిండుగా ఉంటేనే చెక్కగలనని మెల్లగా చెప్పాడు. మా ఆయన, సన్న కుంచెతో చారల మధ్య నల్లగా నింపేస్తే తెలియదన్నాడు.

“నింపితే అబద్ధం” అన్నారు అత్తయ్య. తర్వాత కూతురి వైపు తిరిగారు. “నువ్వన్నది నిజమే. అది నేనే. ఆయన వెళ్ళాక నేను ఇలాగే ఉన్నాను. కానీ రాయి మీద ఉండాల్సింది నేను కాదే, మీ నాన్న. ఆయన జన్మలో ఒక్కరోజు నాకు సగం మెరుగు పెట్టిన కాయితం ఇవ్వలేదు. నేను ఆయనకి ఎండిపోయిన నూన్ ఇవ్వనా?”

వదిన ముఖం తిప్పుకుంది. అత్తయ్య, “నీకు కావాలంటే తీసుకో. తడిగా ఉండగానే” అన్నారు.

వదినకి అర్థమైంది. తన సంచిలోంచి పల్చటి కాగితం తీసి, నూన్ మీద పరిచి, అరచేత్తో మెల్లగా అద్ది, లేపింది. ఎండిన చారలన్నీ తిరగబడి ఆ కాగితం మీదికి వచ్చాయి. దాన్ని రెండు చేతులా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

అప్పుడు అత్తయ్య నన్ను తడి దూది అడిగారు. మామయ్య కాగితంలో ఉన్న గొప్ప అదే. తెల్లసొన పూత మీద సిరా కూర్చుంటుంది కానీ లోపలికి ఇంకదు. తడి దూదితో తుడిస్తే వచ్చేస్తుంది, మచ్చ కూడా ఉండదు. అయితే ఆ పూత ఒక్కసారికే ఓర్చుకుంటుంది. రెండోసారి తుడిస్తే కాగితం లేచిపోతుంది. ఆవిడ తుడవలేదు, మణికట్టు పని అది. నేను మోకాళ్ళ మీద కూర్చుని నూన్ ఒక్కదాన్నీ తుడిచాను. పక్క అక్షరం అంచు తగలకుండా ఊపిరి కూడా పక్కకి వదిలాను. నూన్ పోయింది. కాగితం దాన్ని మనసులో పెట్టుకోలేదు. ఆరాక అంతమేరా గులకరాయితో మళ్ళీ మెరుగు పెట్టాను. పట్టు కుదిరిందో లేదో నాకు నమ్మకం లేదు. ఆ మాటే చెప్పాను.

“మూల మిగిలిందా?” అని అడిగారు అత్తయ్య.

“మిగల్లేదు అత్తయ్యా. ఎక్కడా లేదు.”

ఆవిడ ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు చూశారు. ఎక్కడైనా నూన్ గిన్నె రాశాకే చుక్క పెడతారు. గిన్నె ఉంటేనే చుక్కకి చోటు తెలుస్తుంది. అన్నేళ్ళలో ఆవిడ వేరేలా చేయగా నేను చూడలేదు. ఆ రోజు పలకని సిరాలో నిండుగా ముంచి, ఒక అడుగు ముందుకేసి, వట్టి కాగితం మీద ముందు చుక్క పెట్టారు. గిన్నె లేదు, చుట్టూ ఏమీ లేదు. నల్లగా, నలుపలకలుగా ఒక్క చుక్క.

పలక ఎత్తి, దాని వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ అడిగారు.

“చుక్క నిలిచిందా?”

నేను తల నేలకి ఆనించి, వెలుతురుకి ఏటవాలుగా చూశాను. నాలుగు అంచులూ కత్తితో కోసినట్టున్నాయి. ఎక్కడా ఒక్క వేరు పాకలేదు.

“నిలిచింది అత్తయ్యా.”

మళ్ళీ ముంచుకున్నారు. ఈసారి గిన్నె అంచుకి పలకని రెండుసార్లు ఆనించారు. గుర్తు మీద కాలు పెట్టి, చుక్కని ఒకసారి కొలతగా చూసుకుని, దాని కిందుగా వంపు దించారు. తొందరపడలేదు, ఆగలేదు. గీత నిండుగా అడుక్కి చేరింది, అడుగున వెడల్పైంది, నిండుగానే పైకి లేచి, సూదిమొనలా సన్నబడి ఆగింది. చుక్క గిన్నెకి సరిగ్గా మధ్యన ఉంది.

అత్తయ్య కర్ర నాకిచ్చి గోడకి చేరబడి కూర్చున్నారు. అప్పుడు ఏడ్చారు, చాలాసేపు. చెయ్యి ఒళ్ళో వణుకుతూనే ఉంది. వదిన వచ్చి ఆ చేతిని పట్టుకుంది. పట్టుకుంటే వణుకు ఆగలేదు, ఇద్దరి చేతులూ కలిసి వణికాయి.

సిరా ఆరాక రాళ్ళు చెక్కే ఆయన పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో నకలు దించుకున్నాడు. ఈ నకలు కుదించి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, రాయి మీదికి దింపుతానన్నాడు. అంతా అయ్యాక పేరు కింద ఖాళీ జాగా చూపించి, రాసినవారి సంతకం ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. పెద్దపెద్ద రాతగాళ్ళు రాసిన సమాధి రాళ్ళన్నిటికీ ఉంటుందట.

“అక్కర్లేదు. ఇన్నాళ్ళూ నా పేరుంది, ఆయనది లేదు. ఈ ఒక్కదాని మీద ఆయనది ఉంటుంది, నాది ఉండదు. లెక్క సరిపోయింది” అన్నారు అత్తయ్య.

ఆయన నకలు గొట్టంలా చుట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన సోఫా లోపలికి తేబోతే అత్తయ్య వద్దన్నారు. పలక అంచు బొటనవేలితో తడిమి చూసి, “చీపురమ్మా, ఇటు రా” అని వదినని పిలిచారు. “చుట్టకాయితం ఇంకా మిగిలిందిగా? రేపు పొద్దున్నే రా. పలక అంచు మొద్దుబారింది, చెక్కాలి. ఎలా చెక్కాలో చూద్దువుగాని, నీకు వాలు తెలీదు.”

“నాకు నా వాలు తెలుసమ్మా” అంది వదిన.

“అయితే రెండు పలకలు తే.”

ఆవిడ అప్పుడే కత్తి తీసుకుని పలక అంచు మీద ఒకటి రెండు పొరలు లేపనే లేపారు. రెల్లు పొట్టులా కాదు, అరచెయ్యంత చెక్క పెచ్చులు. ఇలాంటివి నాలుగు పడితే తన చివరి స్నానానికి రెండు బిందెల నీళ్ళు కాగుతాయని నవ్వారు. నేను చాట తెచ్చి వాటిని ఎత్తాను. బీరువాలోంచి ఆ ఖాళీ రేకు డబ్బా తీసి, మూత విప్పి, అందులో వేశాను.